యాల్ సీమ నుండి చెన్నపట్టణం దాకా: ఒక వేల్సు కుటుంబపు వంశాన్వేషణ

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నో ఇండ్ల తలుపులకు బిగించిన తాళాల మీద ‘యేల్’ అనే పేరు కనిపిస్తుంది. అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో ఉన్న ప్రఖ్యాత విశ్వవిద్యాలయం పేరు కూడా యేల్. 1687 నుండి 1692 వరకు చెన్నపట్టణంలో సెయింట్ జార్జి కోటను పాలించిన ఈస్టిండియా కంపెనీ గవర్నరు పేరు ఎలీహు యేల్. తాళానికీ, విద్యాలయానికీ, కోటకూ సంబంధించిన ఈ మూడు పేర్లూ ఒకే ఇంటివి. ఆ ఇల్లు వేల్సు దేశపు ఈశాన్య భాగంలో, డెన్‌బీ మండలంలోని బ్రినెగ్లుయిస్ అనే పల్లె దాపున ఉన్నది. ఆ వంశంలోని వారు కొందరు 1637లో సముద్రం దాటి అమెరికా చేరారు. వలస వెళ్ళిన ఆ మూలపురుషుని జాడను తరువాతి తరాలవారు ఎట్లా వెదకి పట్టుకొనగలిగారు అన్నదే ఈ ప్రసంగ విషయం.

అమెరికాలో యేల్ అనే ఇంటిపేరు గలవారు పెక్కుమంది ఉన్నారు. తమ వంశకర్త చెన్నపట్టణపు గవర్నరే అని నమ్మడం వారిలో ఎవరికైనా సహజమే. పేరు కలిసింది, కీర్తి కలిసింది, విశ్వవిద్యాలయమూ కలిసింది, ఇంకేమి కావాలి? కాని వంశచరిత్రను వెదకే పద్ధతి దీనికి సరిగా తలక్రిందులు. గొప్పవానిని ముందు ఎన్నుకొని అతని నుండి క్రిందికి దిగరాదు. తెలిసిన తన జననం నుండి మొదలుపెట్టి, తండ్రికి, తాతకు, ముత్తాతకు ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కాలి. ప్రతి మెట్టుకూ ఒక కాగితం చేతిలో ఉండాలి. అమెరికా జనాభా లెక్కలు 1790లోనే మొదలైనా, 1840 వరకు వాటిలో ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసేవారు. స్వతంత్రులైన ఇంటిల్లిపాది పేర్లూ వ్రాయడం 1850లో ఆరంభమైంది. అంతకు వెనుకకు పోవాలంటే ఊరి జననమరణాల పుస్తకాలు, చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, భూముల క్రయపత్రాలే దిక్కు.

కనెక్టికట్ రాష్ట్రపు యేల్ కుటుంబాలు ఇట్లా మెట్లెక్కి చివరికి చేరేది గవర్నరు దగ్గరకు కాదు, థామస్ యేల్ అనే వ్యక్తి దగ్గరకు. అతడు గవర్నరు ఎలీహుకు పినతండ్రి. ఎలీహుకు చెన్నపట్టణంలో పుట్టిన కుమారుడు డేవిడ్ పసితనంలోనే 1688లో మరణించాడు. ఆ శాఖలో యేల్ ఇంటిపేరు నిలువలేదు. అమెరికాలో ఆ పేరు నిలిచింది థామస్ సంతతి వలననే. 1860ల దశకంలో ఆధునికమైన సిలిండరు తాళానికి పేటెంటు పొందిన లైనస్ యేల్ ఈ థామస్ వంశంలోనివాడే. 1908లో రోడ్నీ హోరేస్ యేల్ అనే ఆయన ఆ కుటుంబ చరిత్రను ఒక పెద్ద గ్రంథంగా అచ్చు వేయించాడు. అందులో వేల్సు దేశ చరిత్ర కూడా చేర్చాడంటే, ఊరు తెలియనిదే ఇంటిపేరు అర్థం కాదని ఆయన గ్రహించాడన్న మాట.

థామస్ సుమారు 1616లో పుట్టాడు. మూడేండ్ల వయస్సులో తండ్రి పోయాడు. తల్లి ఆన్, చెస్టరు బిషప్పుగా ఉండిన జార్జి లాయిడ్ కుమార్తె. ఆమె తరువాత థియోఫిలస్ ఈటన్ అనే లండను వర్తకుని పెండ్లాడింది. 1637 జూన్ నెలలో ఆ కుటుంబమంతా హెక్టర్ అనే ఓడలో బోస్టన్ రేవుకు చేరింది. మరుసటి వసంతంలో వారు తమ బృందంతో క్విన్నిపియాక్ అనే చోటికి తరలిపోయి ఊరు కట్టారు. అదే తరువాత న్యూహేవెన్ అయింది. ఆ నేల అక్కడి క్విన్నిపియాక్ జాతివారిది. 1638లో ఒక ఒప్పందం వ్రాయించుకొని, వారికి తీరానికి తూర్పున కొంత భూమి మాత్రం విడిచి, తక్కినది వలసవారు తీసుకొన్నారు. వలస వచ్చిన పూర్వుని కథ చెప్పుకొనేటప్పుడు ఈ కాగితాన్ని ప్రక్కన పెట్టే అలవాటు చాలా కుటుంబ చరిత్రలలో ఉన్నది. అది కూడా రికార్డే కనుక ప్రక్కన పెట్టడం న్యాయం కాదు.

థామస్ న్యూహేవెన్‌లో మేరీ టర్నర్ అనే కన్యను వివాహమాడాడు. ఆమె తండ్రి కెప్టెన్ నతానియేల్ టర్నర్ 1646 జనవరిలో ఇంగ్లండుకు ఓడలో బయలుదేరి మళ్ళీ కనబడలేదు. ఆ ఓడా, అందులోనివారూ ఏమైనదీ ఎవరికీ తెలియలేదు. థామస్ మాత్రం వ్యాపారం, వ్యవసాయం చేసుకొంటూ, ఊరి వ్యవహారాలలో పాలుపంచుకొంటూ 1683లో అక్కడే కన్నుమూశాడు. గవర్నరు పదవి లేదు, వజ్రాల వ్యాపారం లేదు. నిజమైన మూలపురుషుడు ఆయనే.

అమెరికా వైపు దారి ఇంతవరకు తేటగానే ఉన్నది. సముద్రం దాటి వేల్సు వైపు వెళ్ళగానే అసలు చిక్కు ఎదురవుతుంది. వేల్సు ప్రజలకు పూర్వం స్థిరమైన ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే బిడ్డకు గుర్తు. ‘అప్’ అంటే కుమారుడు, ‘వెర్ఖ్’ అంటే కుమార్తె. హవెల్ కుమారుడు రీస్ అయితే అతడు రీస్ అప్ హవెల్. ఆ రీస్ కుమారుడు ఓవెన్ అయితే ఓవెన్ అప్ రీస్. తాతకూ మనుమనికీ పేరులో ఒక్క అక్షరమైనా కలియదు. పదహారవ శతాబ్దంలో వేల్సును ఇంగ్లండు శాసనాల క్రిందికి తెచ్చిన పిమ్మట, న్యాయస్థానాలలో, పన్నుల చిట్టాలలో ఇంగ్లీషు పద్ధతి పేరు అవసరమై, ముందు పెద్ద కుటుంబాలవారు, చాలా కాలానికి పామరులు స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకొన్నారు. కొన్ని పల్లెలలో ఈ మార్పు పందొమ్మిదవ శతాబ్దం దాకా సాగింది. అప్పుడు ‘అప్’ అనే మాట తండ్రి పేరులో కలిసిపోయింది. అప్ రీస్ ప్రైస్ అయ్యాడు. అప్ హవెల్ పవెల్ అయ్యాడు. అబ్ ఓవెన్ బోవెన్ అయ్యాడు. అప్ హ్యూ ప్యూ అయ్యాడు. అప్ హారి ప్యారీ అయ్యాడు.

ఈ చివరి పేరు చెన్నపట్టణంలో తెలియనివారు ఉండరు. ప్యారీస్ కార్నర్ అని బస్సు కండక్టర్లు రోజుకు వందసార్లు అరిచే పేరు అదే. థామస్ ప్యారీ వేల్సువాడు. 1788లో చెన్నపట్టణానికి వచ్చి వ్యాపారసంస్థ స్థాపించి, 1824లో మరణించాడు. అతని వంశంలో ఎప్పుడో ఒక తాత పేరు హారి అయి ఉండాలని ఆ ఇంటిపేరే చెప్పుతున్నది.

యేల్ అనే పేరు మాత్రం ఈ రకానికి చెందదు. అది తండ్రి పేరు కాదు, ఊరి పేరు. వేల్సు భాషలో ‘యాల్’ అంటే సారవంతమైన ఎత్తు నేల. బ్రినెగ్లుయిస్ పరిసరాల సీమకు ఆ పేరు. ఆ సీమలోని పెద్ద ఇల్లు ‘ప్లాస్ ఎన్ యాల్’. ఆ ఇంటివారిలో చదువుకొని ఇంగ్లీషు కొలువులలో చేరినవారు ‘అప్’ లను వదలిపెట్టి సీమపేరునే ఇంటిపేరు చేసుకొన్నారు. ఎలిజబెత్ రాణి కాలంలో కాంటర్బరీ ఆర్చిబిషప్పు వద్ద ఉన్నతోద్యోగం చేసిన డాక్టర్ థామస్ యేల్ అట్టివాడు. వలస వెళ్ళిన థామస్‌కు తాత అయిన డాక్టర్ డేవిడ్ యేల్ చెస్టరులో మతసంబంధ న్యాయాధికారి. కొండపల్లి, తాడేపల్లి, వేములపల్లి అనే తెలుగు ఇంటిపేర్లు ఎట్లా పుట్టాయో యేల్ కూడా అట్లే పుట్టింది. ఊరు విడిచినవారే ఊరిపేరు మోస్తారు. ఊరిలో ఉన్నవానికి ఆ పేరుతో పని లేదు.

ఈ ఊరిపేరే వంశాన్వేషకులకు వరమైంది. పేరు చూడగానే ఏ సీమలో వెదకవలసి ఉన్నదో తెలిసిపోయింది. ఒక జాన్ జోన్స్‌ను గాని, ఒక డేవిడ్ ఎవాన్స్‌ను గాని వెదకవలసి వస్తే ఈ సౌకర్యం లేదు. ఒక్కొక్క పల్లెలో ఆ పేరుగలవారు పదిమంది ఉండవచ్చు. అప్పుడు పేరును కాక పొలాన్ని, గడపను, వృత్తిని, సాక్షి సంతకాలను పట్టుకొని పోవాలి. ఇటీవల వచ్చిన డి.ఎన్.ఏ. పరీక్షలు కొంత సాయపడుతున్నాయి. తండ్రి నుండి కుమారునికి మాత్రమే సంక్రమించే వై క్రోమోజోము, ఇంటిపేరు మారినా మారదు కనుక, వేరువేరు పేర్లు గల రెండు కుటుంబాలు ఒకే పురుషుని సంతతి అవునో కాదో చూచాయగా చెప్పగలదు. ఆ పురుషుని పేరేమిటో మాత్రం చెప్పలేదు. అది కాగితమే చెప్పాలి.

తేదీల చిక్కు ఇంకొకటి. 1752కు పూర్వం ఇంగ్లండులోను, దాని వలసలలోను కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి నెలల తేదీలు చూచినప్పుడు అది ఏ సంవత్సరమో ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోవాలి. ఎలీహు పుట్టినది పాత పుస్తకాలలో 1648 అనీ, తరువాతివాటిలో 1649 ఏప్రిల్ 5 అనీ కనిపిస్తుంది. ఏప్రిల్ నెల గనుక ఈ తేడాకు పంచాంగం మీద నెపం వేయడానికి వీలులేదు. ఒకరు వ్రాసినది చూచి మరొకరు వ్రాయడమే చాలా తప్పులకు మూలం.

ఈ కుటుంబంలో పురుషుల పేర్లు చిట్టాలలోను, స్త్రీల జీవితాలు తీర్పులలోను దొరుకుతాయి. ఇది గమనింపదగిన విషయం. థామస్ తల్లి ఆన్ ఈటన్ గురించి అంత వివరంగా తెలియడానికి కారణం, 1644–45 సంవత్సరాలలో న్యూహేవెన్ చర్చి ఆమెను విచారించి వెలివేయడం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం సరికాదని ఒక పుస్తకం చదివి ఆమె నమ్మింది. బాప్తిస్మం జరిగే వేళ సభలో నుండి లేచి వెళ్ళిపోయింది. దానికి తోడు అత్తగారితో తగవులు, పనివారిపై కోపాలు కూడా ఆరోపణలలో చేర్చారు. భర్త ఆ వలసకు గవర్నరు. అయినా వెలి తప్పలేదు. భర్త పోయిన తరువాత ఆమె ఇంగ్లండుకు తిరిగిపోయి 1659లో మరణించింది. విచారణ పత్రాలు లేకపోతే ఆమె ‘ఫలానావారి భార్య’ అనే ఒక పంక్తితో ముగిసేది.

ఆమె కూతురు, థామస్‌కు తోబుట్టువైన ఆన్ హాప్‌కిన్స్ కథ మరింత హృదయవిదారకమైనది. ఆమె భర్త ఎడ్వర్డ్ హాప్‌కిన్స్ కనెక్టికట్‌కు గవర్నరుగా పనిచేశాడు. ఆమెకు మతిభ్రమ కలిగింది. మాసచూసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రప్ 1645లో తన దినచర్యలో ఆమెను గురించి వ్రాస్తూ, చదవడం వ్రాయడంలో మునిగి అనేక గ్రంథాలు వ్రాసినందువలననే ఈ జబ్బు వచ్చిందనీ, స్త్రీకి తగిన ఇంటిపనులు చూచుకొని ఉంటే బుద్ధి నిలిచి ఉండేదనీ నిర్ణయించాడు. ఆయన చెప్పిన కారణం పత్రాలలో భద్రంగా ఉన్నది, ఆమె వ్రాసిన గ్రంథాలు మాత్రం లేవు. ఆమె సోదరుల సంరక్షణలో 1698 వరకు జీవించింది. విచిత్రమేమంటే 1657లో మరణించిన ఆమె భర్త, బాలురకు విద్య చెప్పించడం కోసం అమెరికాకు తన ఆస్తిలో భాగం వ్రాశాడు. ఆ ధనంతో 1660లో న్యూహేవెన్‌లో ఏర్పడిన హాప్‌కిన్స్ పాఠశాల నేటికీ నడుస్తున్నది. ఆడపిల్లలు బహుమతులు అందుకొంటున్న ఈ వేదిక ముందు ఆ ఇంటి ఆడబిడ్డను ఒకసారి తలచుకొనడం అనుచితం కాదు.

థామస్‌కు అన్న అయిన డేవిడ్ యేల్ బోస్టన్‌లో స్థిరపడ్డాడు. అక్కడి మతపాలకులకు వ్యతిరేకంగా 1646లో సమర్పించిన విన్నపంలో సంతకం చేసిన ఏడుగురిలో ఆయన ఒకడు. జరిమానా పడింది. కొద్ది సంవత్సరాలకు కుటుంబాన్ని తీసుకొని ఇంగ్లండు వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయన కుమారుడు ఎలీహు మూడేండ్ల పసివాడు. ఎలీహు మళ్ళీ అమెరికా నేల తొక్కలేదు. ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా 1672లో చెన్నపట్టణానికి వచ్చాడు.

ఆ నేల 1639లో కంపెనీకి ఇచ్చినవారు తెలుగు నాయకులైన దామెర్ల వారు. దామెర్ల చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణం ఏర్పడింది. కంపెనీకి సరుకులు కూర్చిన కాసా వీరన్న, బేరి తిమ్మన్న వంటి పెద్ద వర్తకులు తెలుగువారు. ఎలీహు గవర్నరైన 1687వ సంవత్సరంలోనే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మరుసటి యేట చెన్నపట్టణపు నగరపాలక సంస్థ ఏర్పడింది. 1690లో కడలూరు వద్ద కొనిన కోటకు సెయింట్ డేవిడ్ కోట అని పేరు పెట్టారు. డేవిడ్ వేల్సు దేశపు ఆరాధ్య పుణ్యపురుషుడు. ఎలీహు తండ్రి పేరు, మరణించిన కుమారుని పేరు కూడా డేవిడే.

కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680 అక్టోబరులో ప్రతిష్ఠ జరిగింది. దాని వివాహాల రిజిస్టరులో మొదటి పద్దు ఎలీహు యేల్‌కూ, వితంతువైన కేథరిన్ హిన్మర్స్‌కూ 1680 నవంబరు 4న జరిగిన వివాహం. బోస్టన్‌లో పుట్టిన వేల్సు వంశజుని పెండ్లికి సాక్ష్యం చెన్నపట్టణంలో దొరకడం వంశాన్వేషణలోని వింత. ఒకే కుటుంబపు కాగితాలు మూడు ఖండాలలో ఉన్నప్పుడు ఒక్కచోట వెదకి, దొరకలేదని మానుకొనేవారికి సగం కథే దక్కుతుంది.

ఎలీహు అక్రమ వ్యాపారం చేశాడనే అభియోగాల మధ్య 1692లో పదవి పోగొట్టుకొన్నాడు. లండనులో ధనికుడై నివసించాడు. 1718లో కాటన్ మేథర్ అనే బోస్టన్ మతగురువు వ్రాసిన జాబుకు స్పందించి, న్యూహేవెన్‌లోని చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజు చిత్రపటం పంపాడు. కాలికో, మస్లిను వంటి గుడ్డలున్న ఆ మూటలు అమ్మగా 562 పౌండ్లు వచ్చాయి. కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 1721లో మరణించి, తాతముత్తాతల సీమకు దగ్గరలోని రెక్సమ్ పట్టణపు చర్చి ఆవరణలో సమాధి అయ్యాడు.

ఆ ధనం ఎట్లా వచ్చిందని అడగడం మూడు వందల యేండ్లకు గాని జరగలేదు. కోట పరిపాలన సభ పత్రాలలో, ఆయన సభ్యుడుగాను అధిపతిగాను కూర్చున్న కాలంలో, మనుషులను బానిసలుగా ఓడలలో ఎగుమతి చేసిన ఉత్తరువులు ఉన్నాయి. ఎలీహు, అతని కుటుంబీకులతో పాటు మెడకు లోహపు పట్టీ వేసిన ఒక బానిస బాలుడు కనిపించే వర్ణచిత్రం ఆ విశ్వవిద్యాలయపు కళాప్రదర్శనశాలలోనే ఉన్నది. బానిసత్వంతో తన చరిత్రకు గల సంబంధానికి విశ్వవిద్యాలయం 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ బాలుని పేరు ఏ రిజిస్టరులోనూ ఇంతవరకు గుర్తింపబడలేదు. గవర్నరు కుమారుడు డేవిడ్ సమాధి మాత్రం చెన్నపట్టణం పాత న్యాయ కళాశాల ఆవరణలో నిలిచి ఉన్నది. వాహనాలు నిలిపే కట్టడం కోసం దానిని మరొకచోటికి మార్చాలనే వ్యవహారం 2023లో హైకోర్టు దాకా వెళ్ళింది.

ఈ వేల్సు కథ తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒకచోట గట్టిగా తగులుతుంది. వేల్సువారు తండ్రి పేరు విడిచి ఇంటిపేరు పట్టుకొన్నారు. ఇక్కడి తెలుగువారు ఇంటిపేరు విడిచి తండ్రి పేరు పట్టుకొంటున్నారు. ఒక ఉదాహరణ ఊహించుకొనవచ్చును. కొండపల్లి రామయ్యగారి కుమారుడు బడిలో చేరినప్పుడు ఇక్కడి వాడుక ప్రకారం ఆర్. కృష్ణయ్య అయ్యాడు. కృష్ణయ్యగారి కుమారుడు కె. శ్రీనివాస్ అయ్యాడు. ఆ ‘కె’ కృష్ణయ్యా, కొండపల్లా అన్నది ఇంకొక యాభై యేండ్లకు ఎవరు చెప్పగలరు? పాఠశాల ప్రవేశ రిజిస్టరే నాలుగు తరాల తరువాత ఆ కుటుంబానికి మిగిలే సెయింట్ మేరీ రిజిస్టరు. అందులో ఆ ఒక్క అక్షరం ఉంటుంది, దాని వెనుక ఉన్న ఊరు ఉండదు.

కనుక ఈ సంవత్సరం ప్రవేశ పత్రాలు నింపే తల్లిదండ్రులు బిడ్డ పేరు ముందరి అక్షరాన్ని విప్పి, ఇంటిపేరు పూర్తిగా వ్రాయవలసినదని మనవి. సెలవులలో పిల్లలు తాతయ్యలను, అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చోబెట్టుకొని అడుగవలసినవి కొన్ని ఉన్నవి. ఇంటిపేరు ఏ ఊరిది, కులదేవత గుడి ఎక్కడ, మొదట ఈ ప్రాంతానికి వచ్చినవారు ఎవరు, వారితో వచ్చిన స్త్రీల పుట్టింటి ఇంటిపేర్లు ఏమిటి. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ క్రింద వ్రాయాలి. పాత టి.సి.లు, శుభలేఖలు, భూమి దస్తావేజులు ఇంట ఉన్నవారు వాటి నకళ్ళను పాఠశాల గ్రంథాలయంలో అందజేస్తే, పూర్వ విద్యార్థుల పేరుపేరున విడి సంచికలలో భద్రపరచడం సాధ్యమవుతుంది.